ఒర కుట్టడం నేర్చుకుందాం – 2వ పాఠం: తోలు చూడటం, కొనడం

గత పాఠంలో తోట కత్తెర చుట్టూ గీత గీసి, అట్టతో ముందు ముక్క, వెనక ముక్క నమూనాలు కోసుకున్నారు. ఈసారి ఆ నమూనాలు చేత్తో పట్టుకుని తోలు కొనడానికి పోవాలి. కుట్టు వంకరపోతే విప్పి మళ్లీ కుట్టుకోవచ్చు. తోలే తప్పుగా కొంటే ఎంత మంచి కుట్టయినా దాన్ని కాపాడలేదు. ఒర మూతి నెల తిరక్కుండానే వాలిపోతుంది, కత్తెర జారి కింద పడుతుంది. ఈ వరసలో ఇదే పొడుగైన పాఠం. తొందరపడకుండా రెండు విడతలుగా చదవండి.

మొదటి పనికి తోట కత్తెరనే ఎందుకు ఎంచుకున్నామో మళ్లీ ఒకసారి చెప్పాలి. గూడూరు, పొదలకూరు వైపు నిమ్మతోటల్లో పనిచేసే వాళ్లకి రోజూ నడుముకి వేలాడేది అదే. అలాగే కరెంటు పనివాళ్ల కటింగ్ ప్లేయరు, కొబ్బరి కాయలు దించే వాళ్ల కత్తి కూడా ఇదే పద్ధతిలో ఒరకి ఒదుగుతాయి. లైసెన్సు ఉన్న పిస్టలుకి ఒర కుట్టాలని కొందరు నేర్చుకోవడానికి వస్తారు. దానికీ తోలు ఎంపిక ఇదే. కానీ ఆ ఒర ట్రిగ్గరు చుట్టూ ఉండే కమ్మిని పూర్తిగా కప్పాలి, మూతి ఎన్నడూ లోపలికి మడత పడకూడదు. మెత్తబడిన మూతి మడత పడి ట్రిగ్గరుకి తగిలితే ప్రాణం మీదికొస్తుంది. కనీసం అయిదారు పనిముట్ల ఒరలు కుట్టి, చేయి కుదిరాకే దాని జోలికి పోండి.

ఏ పదును తోలు

పచ్చి చర్మం కుళ్లిపోకుండా నిలవుండే తోలుగా మార్చడాన్ని పదును చేయడం అంటారు. ఇందులో మనకి తెలియాల్సినవి రెండు దారులు. ఒకటి చెట్ల పట్టలు, కాయల రసంతో చేసేది. దాన్ని అంగళ్లలో వెజ్ టాన్ అంటారు, ఇంకా పొట్టిగా వెజ్ అంటారు. రెండోది క్రోమియం లవణాలతో చేసేది, దాని పేరు క్రోమ్.

పట్ట పదును మనకి కొత్తదేమీ కాదు. మన మెట్ట పొలాల గట్ల మీద పసుప్పచ్చగా పూసే తంగేడు ఉందే, దాని పట్టతో తోలు పదును చేయడం దక్షిణాదిలో ఎన్నో తరాల నుంచి ఉంది. ఆ తోలుకి తర్వాత కరక్కాయ రసం పట్టిస్తారు. మద్రాసు నుంచి ఓడలెక్కి ఈస్టిండియా తోలు అన్న పేరుతో ప్రపంచమంతా తిరిగింది ఇదే. ఇప్పటికీ చెన్నై అంగళ్లలో ఈ.ఐ. తోలు అని అడిగితే తెలుస్తుంది. నల్లతుమ్మ పట్టతో చేసిన తోలు ఇంకాస్త ముదురు రంగులో, గరుకుగా ఉంటుంది. వాటిల్ అనే తుమ్మ జాతి చెట్టు పట్టతో చేసింది లేత గులాబీ ఛాయ గోధుమరంగులో ఉంటుంది.

ఒరకి వెజ్ టానే కావాలి. కారణం నీళ్లు. వెజ్ తోలుని తడిపి, పనిముట్టు మీద బిగించి నొక్కి, నీడలో ఆరబెడితే ఆ ఆకారంలోనే గట్టిపడి నిలుస్తుంది. తర్వాత పనిముట్టు తీసినా ఒర నోరు తెరుచుకునే ఉంటుంది, ఒంటి చేత్తో కత్తెర దోపుకోవచ్చు. క్రోమ్ తోలుకి ఈ గుణం లేదు. ఎంత తడిపి నొక్కినా ఆరాక మళ్లీ గుడ్డలా వాలిపోతుంది. పైగా అందులో మిగిలిపోయే లవణాలు చెమటతో కలిసి ఇనుముకి తుప్పు పట్టిస్తాయి. సంచులకి, చెప్పుల పైభాగాలకి క్రోమ్ మంచిదే. దాన్ని తక్కువ చేయడం కాదు, ఒరకి అది పనికిరాదు, అంతే.

ముఖం చూసి మోసపోవద్దు

అంగడిలో తోలు నునుపు వైపు పైకి పెట్టి చూపిస్తారు. రంగు, మెరుపు అక్కడే ఉంటాయి కాబట్టి కన్ను అక్కడే ఆగుతుంది. మీరు మాత్రం చూడాల్సింది కోత అంచునీ, వెనక గరుకు వైపునీ. పైన వేసిన రంగు ఎన్ని లోపాలనైనా దాస్తుంది, కోత మాత్రం దాచలేదు.

కోత అంచు పై నుంచి కింద దాకా ఒకే గోధుమ ఛాయలో ఉంటే వెజ్ అయ్యే అవకాశం ఎక్కువ. నడిమధ్యలో నీలంగానో, ఆకుపచ్చ కలిసిన బూడిదరంగులోనో సన్నని చార కనిపిస్తే క్రోమ్, లేదా క్రోమ్ చేశాక పైపైన పట్టరసం పట్టించిన మిశ్రమం. ఈ మిశ్రమం దగ్గరే కొత్తవాళ్లు బోల్తా పడతారు. పట్టుకుంటే వెజ్ లాగే గట్టిగా, రంగూ అలాగే ఉంటుంది. తడిపి నొక్కినప్పుడు మాత్రం సగమే నిలుస్తుంది.

కంటితో తేలకపోతే వేలెడు ముక్క అడిగి తీసుకుని ఇంట్లో రెండు పరీక్షలు చేయండి. అంగడివాళ్లు అంచు ముక్క ఇవ్వడానికి సాధారణంగా అభ్యంతరం చెప్పరు. ఇవ్వనంటే అక్కడ కొనకండి.

మొదటిది మరిగే నీళ్ల పరీక్ష. 5 సెం.మీ. పొడవు, 1 సెం.మీ. వెడల్పు పట్టీ కోసి, కొలిచి, బాగా మరుగుతున్న నీళ్లలో 3 నిమిషాలు ఉంచండి. వెజ్ తోలు 70 నుంచి 85 డిగ్రీల దగ్గరే కుంచించుకుపోతుంది కాబట్టి ఆ పట్టీ ముడుచుకుని, చుట్టుకుని, ఆరాక కొమ్ములా గట్టిపడుతుంది. మంచి క్రోమ్ పట్టీ దాదాపు అదే కొలతతో బయటికొస్తుంది.

రెండోది మేకుల నీళ్లు. తుప్పుపట్టిన రెండు మేకుల్ని వెనిగర్‌లో ఒక రాత్రి నానబెట్టి, ఆ నీళ్లని ముక్క గరుకు వైపున రాయండి. పట్టరసం ఉన్న తోలు నిమిషాల్లో నల్లబడుతుంది. పట్టలోని టానిన్, ఇనుము కలిస్తే పుట్టే నలుపు అది.

ఒక్క పరీక్షతో ఆగితే తప్పు లెక్క వస్తుంది. రెండూ కలిపి చదవాలి. నల్లబడి ముడుచుకుంటే అసలైన వెజ్. నల్లబడినా ముడుచుకోకపోతే మిశ్రమం. నల్లబడకపోతే, ముడుచుకోకపోతే క్రోమ్. నిప్పు పెట్టి చూడమని కూడా కొందరు చెబుతారు. క్రోమ్ తోలు కాలితే బూడిదలో ఆకుపచ్చ ఛాయ వస్తుంది, నిజమే. ఆ పొగ పీల్చడం మాత్రం మంచిది కాదు. నీళ్లతోనే తేలే పనికి నిప్పెందుకు?

ఇక మందం సంగతి. రెండు ముక్కలు కలిపి కుట్టే ఒరకి 2.8 నుంచి 3.2 మి.మీ. సరిపోతుంది. 2 మి.మీ. తోలు తడిపి నొక్కినప్పుడు చక్కగానే కనిపిస్తుంది, నెల రోజుల చెమటకి మూతి వాలుతుంది. 4 మి.మీ. దాటితే ఆరెతో (పిడి ఉన్న లావు సూదితో) చేత్తో చిల్లు పొడవడం కష్టం, బెల్టు దూరే మడత దగ్గర నునుపు వైపు పగులుతుంది. కొన్ని అంగళ్లలో, ముఖ్యంగా బయటి దేశాల పద్ధతి అలవాటైన చోట, మందాన్ని ఔన్సుల్లో చెబుతారు. ఒక ఔన్సు అంటే 0.4 మి.మీ. అని లెక్క. 7–8 ఔన్సులు అడిగితే మనకి కావాల్సింది దొరుకుతుంది. ఒక వెర్నియర్ కాలిపర్స్ వెంట తీసుకుపోండి. ముక్క నాలుగు మూలలా, నడుమా కొలవండి. వాటి మధ్య తేడా 0.3 మి.మీ. దాటితే ఆ ముక్క వద్దు. ఒర ఒక పక్క గట్టిగా, ఒక పక్క మెత్తగా తయారవుతుంది.

ఈ.ఐ. తోళ్లలో చాలావరకు 1 నుంచి 2 మి.మీ. పల్చన. నాణ్యమైనదే దొరికి మందం మాత్రం 1.5 మి.మీ. ఉంటే, గరుకు వైపులు ఎదురెదురుగా పెట్టి రెండు పొరలు అంటించి 3 మి.మీ. చేసుకోవచ్చు. ఎస్ఆర్ 998 లాంటి రబ్బరు జిగురు దీనికి సరిపోతుంది. అది నాలుగో పాఠంలో వస్తుంది. మొదటి ఒరకి మాత్రం ఒకే పొర తోలు చూసుకోండి.

జంతువు, ఒంట్లో చోటు

మన వైపు అంగళ్లలో దొరికే మందపు తోలు ఎక్కువ భాగం గేదెది. దాని రంధ్రాలు పెద్దవి, ముఖం గరుకు, నార కొంచెం వదులు. చూపుకి ఆవు జాతి తోలు నునుపు. పనికి మాత్రం మొదటి ఒరలన్నీ గేదె తోలుతో కుట్టడమే మేలని మా అభిప్రాయం. చెడిపోయినా బాధ తక్కువ. మేక తోలు పల్చన, లోపలి అస్తరుకి వాడొచ్చు. నెల్లూరు గొర్రెకి దేశమంతా పేరుంది గానీ గొర్రె తోలు పొరలు పొరలుగా ఊడే రకం, ఒరలో ఎక్కడా వాడకండి.

ఒకే తోలులో చోటుని బట్టి గుణం మారుతుంది. వెన్నెముకకి రెండు పక్కలా, నడుము నుంచి తోక మొదలు దాకా ఉండే భాగంలో నార దగ్గరగా అల్లుకుని ఉంటుంది. అన్నిటికన్నా గట్టిది, ఖరీదైనది ఇదే. భుజం భాగం కొంచెం మెత్తన, మెడ ముడతల గీతలు కనిపిస్తాయి, అయినా తడిపి ఆకారం పెట్టడానికి బాగా లొంగుతుంది. నేర్చుకునే వాళ్లకి భుజమే సరైనది, ధర కూడా తక్కువ. పొట్ట, కాళ్ల పక్క భాగాలు ఎంత చవగ్గా ఇచ్చినా ఒద్దు. లాగితే రబ్బరులా సాగుతాయి, కుట్టు బిగించేటప్పుడు అంచు అలలు అలలుగా లేస్తుంది.

చోటు ఏదో అంగడివాడు చెప్పకపోయినా చేతికి తెలుస్తుంది. ముక్కని నునుపు వైపు లోపలికి పెట్టి వంచండి. సన్నని, దగ్గర దగ్గర గీతలు పడితే నార బిగువుగా ఉంది. పెద్ద పెద్ద మడతలు పడి, పై పొర లోపలి పొర నుంచి విడిపోయినట్టు ఉబ్బితే అది పొట్ట భాగం, లేదా పదును సరిగా పట్టని తోలు. ఇప్పుడు తిప్పి, నునుపు వైపు బయటికి వచ్చేలా పూర్తిగా మడవండి. పగుళ్లు కనిపిస్తే ఎండిపోయిన తోలు. నూనె రాస్తే బాగుపడుతుందని అంటారు, పగిలిన నార మాత్రం మళ్లీ అతకదు. చివరిగా రెండు చేతులతో నిలువుగా, అడ్డంగా లాగండి. తక్కువ సాగే దిక్కు వెన్నెముక వెంట ఉన్న దిక్కు. వెనక ముక్కలో బెల్టు మడత బరువంతా మోస్తుంది కాబట్టి దాని పొడవు ఆ దిక్కులోనే పడాలి. గరుకు వైపున సుద్దతో బాణం గుర్తు వేసుకోండి, ఇంటికొచ్చాక మళ్లీ వెతుక్కునే పని ఉండదు.

చీలిక తోలు గురించి ఒక హెచ్చరిక. మందపు తోలుని యంత్రంతో రెండు పొరలుగా చీలుస్తారు. పై పొరకి నునుపు ముఖం ఉంటుంది. కింది పొర రెండు వైపులా గరుకే. దానికి రంగు పూత పూసి, వెంట్రుకల రంధ్రాల్లాంటి అచ్చు కొట్టి అసలు తోలులా అమ్ముతారు. కోత దగ్గర గోటితో గీకితే పూత పొరలా లేస్తుంది. అసలు నునుపు ముఖంలో వెంట్రుకల రంధ్రాలు ఒకే దూరంలో ఉండవు, చోటు చోటుకీ మారతాయి. అచ్చు కొట్టిన దాంట్లో ఒకే నమూనా మళ్లీ మళ్లీ వస్తుంది.

మచ్చల్లో కొన్ని భయపడాల్సినవి కావు. ముళ్లకంప గీతలు, పిడుదు కుట్టిన చుక్కలు, మానిపోయిన చర్నాకోల చారలు ఒర బలాన్ని తగ్గించవు. ఒంగోలు జాతి పశువులకి, గేదెలకి వేసే వాతల మచ్చ మాత్రం గట్టిగా, నార చచ్చి ఉంటుంది. అక్కడ నీళ్లు పీల్చదు, ఆకారం పట్టదు. దాన్ని తప్పించి నమూనా పెట్టుకోవాలి. అన్నిటికన్నా ప్రమాదం వెనక వైపు కత్తి గాట్లు, తోలు వలిచేటప్పుడు పడినవి. ముఖం వైపు నుంచి కనబడవు. మందంలో మూడో వంతు కన్నా లోతుగా దిగిన గాటు కుట్టు గీత మీదికి వస్తే అక్కడే చిరుగుతుంది.

ఎంత కొనాలి

మీ కత్తెర మూసినప్పుడు 5.5 సెం.మీ. వెడల్పు, 1.8 సెం.మీ. మందం ఉందనుకుందాం. వెనక ముక్క చదునుగా ఉంటుంది, ముందు ముక్కే ఉబ్బుతుంది. కాబట్టి ముందు ముక్క వెడల్పు: 5.5, దానికి రెండింతల మందం 3.6, రెండు పక్కలా కుట్టుకి 1.5 చొప్పున 3, మొత్తం 12.1 సెం.మీ. 12.5 పెట్టుకోండి. వెనక ముక్క వెడల్పు 5.5కి 3 కలిపితే 8.5 సెం.మీ. ఒర లోతు 18 సెం.మీ., బెల్టు మడతకి వెనక ముక్కకి పైన ఇంకో 13 సెం.మీ.

ముందు ముక్క 225 చదరపు సెం.మీ., వెనకది 263.5. కలిపి సుమారు 490. ఒక చదరపు అడుగు 929 చదరపు సెం.మీ. మచ్చలు తప్పించడానికి, అంచు చెక్కడానికి మూడో వంతు పైన కలిపితే ఒక ఒరకి ముప్పావు అడుగు దాకా పడుతుంది. నేర్చుకునే వాళ్లు మూడు ఒరలకి లెక్క వేసుకుని 3 చదరపు అడుగులు కొంటే సరి. మొదటిది చెడుతుంది, రెండోది పరవాలేదనిపిస్తుంది, మూడోది వాడుకోవచ్చు. సగం తోలు మొత్తం కొనమని అంగడివాడు బలవంతపెడతాడు. గేదెది ఒక పక్క సాధారణంగా 15 నుంచి 25 చదరపు అడుగులు ఉంటుంది, అందులో పొట్ట భాగానికీ మీరు డబ్బిస్తారు. ఇప్పుడే వద్దు.

ఎక్కడ, ఎలా

నెల్లూరు, ఒంగోలు, కందుకూరు లాంటి ఊళ్లలో చెప్పుల సామాను అమ్మే అంగళ్లలో ముందు అడగండి. అక్కడ దొరికే అట్ట తోలు (చెప్పు అడుగుకి వేసేది) వెజ్ టానే, కాకపోతే చాలాసార్లు 4 మి.మీ. దాటి ఉంటుంది. దాన్ని కిలోల్లో అమ్ముతారు. 3 మి.మీ. మందం వెజ్ తోలు చదరపు అడుగు రమారమి 280 గ్రాములు తూగుతుంది, అంటే కిలోకి మూడున్నర అడుగులు. కిలో ధర, అడుగు ధర పోల్చడానికి ఈ లెక్క పనికొస్తుంది. మందం పెరిగే కొద్దీ కిలోకి వచ్చే అడుగులు తగ్గుతాయి, 4.5 మి.మీ. అయితే కిలోకి రెండున్నర కూడా రావు. తూకానికి ముందు తోలు చెమ్మగా ఉందేమో చెంపకి ఆనించి చూడండి. చల్లగా తగిలితే నీళ్లకీ డబ్బు కడుతున్నారు.

పెద్ద ఎంపిక కావాలంటే చెన్నై పెరియమేట. నెల్లూరు నుంచి రైలెక్కి సెంట్రల్ స్టేషన్లో దిగితే నడిచిపోయే దూరం. తమిళంలోనూ తోలుని తోల్ అనే అంటారు, భాష గురించి దిగులక్కర్లేదు. బెల్టు తోలు, వెజ్, 3 మి.మీ., భుజం, కట్ పీసు అని అడగండి. జీను తోలు చూపిస్తే ఒక చుక్క నీళ్లు వేసి చూడండి. నిమిషంలో పీల్చుకుని ఆ చోటు ముదురు రంగుకి తిరగాలి. అయిదు నిమిషాలైనా చుక్క అలాగే నిలబడితే కొవ్వు బాగా పట్టించిన తోలు. గుర్రపు సామానుకి అది దివ్యంగా ఉంటుంది, తడిపి ఆకారం పెట్టే మన పనికి లొంగదు. మందం ఎక్కువైన ముక్క నచ్చితే యంత్రం మీద చెక్కించి ఇవ్వమని అడగండి. ఆ వీధుల్లో కూలికి చెక్కేవాళ్లు ఉంటారు. చెక్కేది గరుకు వైపే అని ముందే చెప్పండి.

తోలు వెనక వైపు 18 పక్కన పైన చిన్న 2 అని రాసి ఉంటే పద్దెనిమిదిన్నర చదరపు అడుగులు. ఆ చిన్న అంకె నాలుగో వంతుల లెక్క, 1 అంటే పావు, 3 అంటే ముప్పావు. కట్ పీసుకి ఆ అంకె ఉండదు. అంగుళాల్లో పొడవు, వెడల్పు గుణించి 144తో భాగించండి. వంకర అంచులుంటే సగటు వెడల్పు తీసుకోండి, చివర చివర కొలిచి ఎక్కువ వేయనివ్వకండి.

ఇంటికొచ్చాక

మన తీరపు గాలిలో చెమ్మ ఎక్కువ. కావలి, సింగరాయకొండ, కొత్తపట్నం వైపు అయితే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో ప్లాస్టిక్ కవరులో చుట్టి పెట్టిన తోలు వారంలో బూజు పడుతుంది. నునుపు వైపు బయటికి ఉండేలా వదులుగా చుట్టి, పాత నూలు పంచెలో కట్టి, గాలాడే చోట పెట్టండి. అచ్చు కాగితాలు చుట్టొద్దు, సిరా అంటుకుంటుంది. సిమెంటు నేల మీదా, ఇనుప బీరువాకి ఆనించీ పెట్టొద్దు. చెమ్మ తగిలిన వెజ్ తోలు ఇనుముకి తాకితే, మేకుల నీళ్ల పరీక్షలో చూసిన నలుపే మచ్చగా దిగుతుంది, అది పోదు. ఇదే కారణంగా బోరు నీళ్లలో ఇనుము ఉంటే తోలు తడపడానికి అవి వాడకండి, వాన నీళ్లు పట్టుకోండి. ఎండలో ఒక్క పూట ఉంచినా ఎండ తగిలిన మేర ముదురు రంగు తిరిగి, నీడపడ్డ మేర లేతగా మిగులుతుంది.

ముఖం మీద తెల్లటి పొడి కనిపిస్తే అన్నీ బూజు కావు. కాస్త వేడి చూపించండి, హెయిర్ డ్రయ్యరు చాలు. కరిగి లోపలికి ఇంకిపోతే అది తోలులోని కొవ్వు, గుడ్డతో తుడవండి. కరగకుండా తడిగుడ్డకి మాయమై, ఆరాక మళ్లీ తేలితే ఉప్పు. రెండూ కాక, ముక్కిపోయిన వాసనతో నూగులా ఉంటే బూజు. ముక్కుకి గుడ్డ కట్టుకుని, ఆరుబయట పొడి బ్రష్షుతో దులిపి, నీడన గాలికి ఆరేయండి.

కొన్న రోజే ఒక ఆశ ఆపుకోండి. నూనె, పాలిష్, మైనం ఏదీ రాయవద్దు. నూనె తాగిన తోలు నీళ్లు తాగదు. వాటి వంతు ఆకారం పెట్టాకే.

మూడో పాఠానికి ముందు చేయాల్సింది: కొన్న తోలు నుంచి 10 సెం.మీ. పొడవు, 3 సెం.మీ. వెడల్పు పట్టీలు మూడు కోయండి. ఒకటి వెన్ను వెంట, ఒకటి అడ్డంగా, ఒకటి ఏటవాలుగా. మామూలు నీళ్లలో బుడగలు ఆగేదాకా నానబెట్టి, తీసి, పైన తడి కాస్త తగ్గాక కత్తెర పిడి మీద వంచి దారంతో కట్టి, నీడలో ఒక రోజు ఆరనివ్వండి. దారం విప్పాక ఏది ఎంత వంపు నిలుపుకుందో, ఎంత కుంచించుకుందో గరుకు వైపున పెన్సిలుతో రాసి ఉంచండి. రంపెతో (తోలు కోసే కత్తితో) కోత మొదలుపెట్టే రోజు ఆ మూడు పట్టీలు మీ పక్కన ఉండాలి.